అమీర్‌పేట బాడీ లాంగ్వేజ్ కోర్సు: శనివారం క్లాసు ఒక తీరు, ఆదివారం క్లాసు ఇంకో తీరు

మైత్రీవనం వైపు మెట్రో దిగి, ఫొటోస్టాట్ షాపుల సందులో కొంచెం లోపలికి నడిస్తే ఒక పాత బిల్డింగ్. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అక్కడ 'కమ్యూనికేషన్ స్కిల్స్ అండ్ బాడీ లాంగ్వేజ్' అని నాలుగు వారాంతాల కోర్సు చేశాను. శనివారం సాయంత్రం రెండు గంటలు థియరీ, ఆదివారం పొద్దున మూడు గంటలు ప్రాక్టికల్. స్పైరల్ బైండింగ్ మెటీరియల్‌తో కలిపి ఫీజు 6,500. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. ఇవే స్లయిడ్లు, ఇదే మెటీరియల్ చుట్టుపక్కల వేరే చోట్ల కూడా నడుస్తున్నాయని, నాలుగైదు డెమోలు విని వచ్చిన మా బ్యాచ్ పిల్లలే చెప్పారు. కాబట్టి బోర్డు మీద ఏ పేరుంది అన్నదాని కన్నా లోపల ఏం చెబుతున్నారన్నదే మీకు పనికొస్తుంది.

నేను స్టాఫ్ నర్సును. చాలా ఏళ్లు ఐసీయూలో చేసి ఇప్పుడు సర్జికల్ వార్డులో ఉన్నాను. వార్డు ఇన్‌ఛార్జ్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉందని చేరాను. బ్యాచ్‌లో ఎక్కువమంది బీటెక్ పిల్లలు, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు, ఒక రియల్ ఎస్టేట్ ఆయన. ఒంటి భాష నాకు రోజూ పనిలో ఉండేదే. నోట్లో గొట్టం ఉన్న మనిషికి ఏం కావాలో మొహం చూసి తెలుసుకోవాలి మేం. అందుకే ఈ కోర్సును కొంచెం పట్టుదలగా చూశాను, రివ్యూ కూడా వివరంగానే రాస్తున్నాను.

ముందు శనివారం సంగతి.

శనివారం చెప్పే సార్ మంచి మాటకారి. నిద్ర రానివ్వరు, పేర్లు గుర్తుపెట్టుకుని పిలుస్తారు. ఆ గుణం మెచ్చుకోవాలి. అయితే చెప్పే విషయంలో చాలా భాగం నిలబడదు. మొదటి స్లయిడే 'మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ఒంటిది 55' అని ఉంటుంది. కలిపి 93 శాతం మాట కానిదే అంటారు. ఈ అంకె మీరూ ఎక్కడో విని ఉంటారు. అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. ఒక్కో మాటను రకరకాల గొంతులతో రికార్డు చేసి, ముఖాల ఫొటోలతో కలిపి చూపించి, 'ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా, అయిష్టమా' అని అడిగారు. మాట ఒకటి చెబుతూ మొహం ఇంకోటి చెబుతుంటే మనం దేన్ని నమ్ముతాం అన్నంతవరకే ఆ లెక్క. ఇష్టాయిష్టాల గురించి కాని మాటలకు దీన్ని వాడొద్దని మెహ్రేబియన్ గారే చెప్పారు.

రాత్రి డ్యూటీలో డాక్టర్ గారు ఫోన్‌లో మందు డోసు చెబుతారు. ఆయన మొహం నాకు కనబడదు, చేతులు కనబడవు. అర మిల్లీగ్రామా, ఐదు మిల్లీగ్రాములా అన్నది మాటలోనే ఉంటుంది. రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఆయన 'కరెక్ట్' అన్నాకే మందు తీస్తాం. అక్కడ మాటకి 7 శాతం ఇస్తే పేషెంట్ ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట క్లాసులో లేచి అడిగాను. సార్ కాదనలేదు, 'అది మెడికల్ ఫీల్డ్ మేడమ్, వేరే' అన్నారు. మరి బ్యాంకులో అకౌంట్ నంబరు చెప్పడం, కొత్తవాళ్లకు ఇంటి దారి చెప్పడం, కోర్టులో వాయిదా తేదీ చెప్పడం? ఇవన్నీ కూడా వేరే అయితే ఆ 93 శాతం దేనికి మిగిలినట్టు?

రెండో శనివారం నిఘంటువు లాంటి క్లాసు. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టు. ముక్కు తడుముకుంటే అబద్ధం. కళ్లు పైకి వెళ్తే కల్పిస్తున్నట్టు. కళ్లలోకి చూడకపోతే ఆత్మవిశ్వాసం లేనట్టు. పేజీ నిండా బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఒక్కో అర్థం.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే ఆ బొమ్మల్లో మా నాన్న ఉన్నారు, మా వార్డుకొచ్చే పెద్దమనుషులందరూ ఉన్నారు. మన బడుల్లో పిల్లలకు మొదట నేర్పేదే 'చేతులు కట్టుకుని కూర్చో' అని. గురువు ముందు, పెద్దవాళ్ల ముందు చేతులు కట్టుకుంటే మర్యాద. తండ్రి మందలిస్తుంటే కళ్లలోకి చూస్తే పొగరు, తల దించుకుంటే వినయం. నల్లగొండ, సూర్యాపేట పల్లెల నుంచి మా దగ్గరికి వచ్చే డెబ్బై దాటిన తాతలు డాక్టరు గదిలోకి వచ్చేముందు చెప్పులు బయట విడుస్తారు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుంటారు. కుర్చీ చూపించినా కూర్చోరు. 'పర్లేదు బిడ్డా, నిలబడ్త' అంటారు. గడీల ముందు, దొరల ముందు తమ తండ్రులు ఎట్లా నిలబడేవాళ్లో చిన్నప్పుడు చూసిన ఒళ్లు అది. తెల్లకోటు కనబడగానే మళ్లీ అట్లాగే నిలబడుతుంది. దాన్ని 'లో కాన్ఫిడెన్స్' అని స్లయిడ్ మీద రాస్తే ఆ మనిషి గురించి మనం తెలుసుకున్నది ఏమీ లేదు. అట్లాంటి తాత కనబడితే నేను ముందు స్టూలు లాక్కుని కూర్చుంటాను. నేను కూర్చుంటే ఆయన కూర్చుంటారు. కూర్చున్నాకే నొప్పి ఎక్కడుందో చెబుతారు.

అబద్ధం పట్టుకునే పాఠమైతే ఇంకా ప్రమాదం. 2006లో ఛార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలు చాలావాటిని కలిపి లెక్క కట్టారు. మనుషులు ఎదుటివాళ్ల అబద్ధాన్నీ నిజాన్నీ సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తుంది. కళ్లు పైకి వెళ్లడానికీ అబద్ధానికీ సంబంధం ఉందా అని 2012లో బ్రిటన్‌లో రిచర్డ్ వైజ్‌మన్, ఆయన తోటివాళ్లు ప్రత్యేకంగా పరీక్షించారు. ఏ సంబంధమూ దొరకలేదు. అయినా ఈ పాఠం ఇంకా నడుస్తూనే ఉంది. రేపు ఈ పిల్లలే హెచ్ఆర్‌లో కూర్చుంటారు, పోలీసు ఉద్యోగాల్లోకి వెళ్తారు, అత్తలవుతారు, మామలవుతారు. ముక్కు దురద పెట్టి గోక్కున్న పాపానికి ఎవరినో అబద్ధాలకోరు అనుకుంటారు.

మా వార్డులో ఒకసారి కడుపునొప్పితో వచ్చిన ఒక కోడలుపిల్లని 'నెల తప్పిందా అమ్మా' అని అడిగితే కాలి బొటనవేలితో నేల రాస్తూ కిందికే చూస్తోంది. 'లేదు' అంది. పక్కనే అత్తగారు నిలబడి ఉన్నారు. మెటీరియల్ ప్రకారమైతే అబద్ధం అని టిక్కు పెట్టి ఆగిపోవాలి. నేను అత్తగారికి చీటీ ఇచ్చి ఫార్మసీకి పంపాను, కర్టెన్ లాగాను. ఆ పిల్ల తల ఎత్తింది. చెప్పాల్సింది రెండు నిమిషాల్లో చెప్పేసింది. కిందికి చూడటానికి కారణం ఆ పిల్లలో లేదు, పక్కన నిలబడ్డ మనిషిలో ఉంది. ఒంటిని చదవాలంటే గదిలో ఇంకెవరున్నారో ముందు చూడాలి. ఈ ఒక్క మాట నాలుగు శనివారాల్లో ఒక్కసారీ రాలేదు.

నడుము మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు వీరుడిలా నిలబడితే హార్మోన్లు మారిపోతాయి, ఇంటర్వ్యూ ముందు బాత్రూంలో అట్లా నిలబడండి అన్న పాఠం గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ మాట 2010లో 42 మంది మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. 2015లో 200 మంది మీద మళ్లీ చేస్తే హార్మోన్లలో ఏ మార్పూ కనబడలేదు. మొదటి ప్రయోగం చేసిన ముగ్గురిలో ముందు పేరున్న డానా కార్నీ గారే 2016లో, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. నిటారుగా నిలబడితే మనసుకు కొంచెం ధైర్యంగా ఉంటుంది, అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. హార్మోన్ల కథ మాత్రం పిల్లలకు చెప్పొద్దు.

ఇక ఆదివారం. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆదివారమే.

ఆదివారం చెప్పే మేడమ్ కూచిపూడి నేర్చుకున్నారు, కొన్నాళ్లు వీధి నాటకాలు ఆడారు. స్లయిడ్లు లేవు. కుర్చీలన్నీ గోడకు జరిపించేస్తారు. మొదటి ఆదివారం చెయ్యి ఎత్తి పతాక హస్తం పట్టి చూపించారు. నాలుగు వేళ్లూ చాపి, బొటనవేలు కొంచెం మడిచి. 'ఇదేంటి?' అన్నారు. 'ఆగు' అన్నాడు ఒకబ్బాయి. 'ఆశీర్వాదం' అంది ఇంకో అమ్మాయి. మేడమ్ అదే చెయ్యి కదుపుతూ మేఘం చూపించారు, నది చూపించారు, అడవి చూపించారు, వద్దనడం చూపించారు, రాత్రి చూపించారు. వేళ్లు మారలేదు. చూపు మారింది, మణికట్టు మారింది, అడుగు మారింది. నందికేశ్వరుడి అభినయ దర్పణం అనే పాత నాట్యశాస్త్ర గ్రంథంలో ఒంటి చేత్తో పట్టే హస్తాలు 28, తల కదలికలు తొమ్మిది, చూపులు ఎనిమిది, మెడ కదలికలు నాలుగు లెక్కపెట్టి మరీ చెప్పారట. అంత లెక్కగా రాసిన శాస్త్రం కూడా ఒక్కో హస్తానికి ఒకే అర్థం ఇవ్వలేదు, వినియోగాలు అని పెద్ద జాబితా ఇచ్చింది. 'స్టేజీ మీద శాస్త్రం ప్రకారం పట్టిన చెయ్యికే ఇన్ని అర్థాలుంటే, బస్టాపులో నిలబడ్డ మనిషి చేతులు కట్టుకున్నదానికి ఒక్కటే అర్థం ఎట్లా ఉంటుందర్రా?' అన్నారు. ముందురోజు సాయంత్రం ఇదే గదిలో విన్న పాఠాన్ని ఒక్క దెబ్బతో పక్కన పెట్టేశారు, సార్‌ని ఒక్క మాట కూడా అనకుండా.

తర్వాత 'యతో హస్తస్తతో దృష్టిః' శ్లోకం చెప్పారు. చెయ్యి ఎక్కడో చూపు అక్కడ, చూపు ఎక్కడో మనసు అక్కడ, మనసు ఎక్కడో భావం అక్కడ, భావం ఎక్కడో రసం అక్కడ. దీన్ని మా పనిలోకి తీసుకొచ్చి ఆలోచించాను. కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, పెడుతూ గోడ గడియారం చూసే సిస్టర్‌ని పేషెంట్ నమ్మడు. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉందని అతనికి తెలిసిపోతుంది. నా జూనియర్లకు ఈ మాట చెప్పడం మొదలుపెట్టాను.

కెమెరా ఎక్సర్‌సైజు ఈ కోర్సులో అన్నిటికన్నా విలువైనది. ఒక్కొక్కరిని కుర్చీలో కూర్చోబెట్టి మూడు నిమిషాల మాక్ ఇంటర్వ్యూ రికార్డు చేస్తారు. తర్వాత అందరి ముందూ మొదట గొంతు ఆపేసి బొమ్మ ఒక్కటే చూపిస్తారు. రెండోసారి బొమ్మ ఆపి గొంతు ఒక్కటే వినిపిస్తారు. మూడోసారి రెండూ కలిపి. ప్రతిసారీ చూసినవాళ్లు తాము ఏం చూశారో మాత్రమే చెప్పాలి, అర్థం చెప్పకూడదు. 'భయపడుతున్నాడు' అంటే మేడమ్ ఒప్పుకోరు. 'ఏం చూశావ్?' అని మళ్లీ అడుగుతారు. 'కుడి మోకాలు ఊగుతోంది, రెండో ప్రశ్న దగ్గర మొదలైంది, జీతం ప్రశ్న దగ్గర ఆగింది' అనాలి. మేం కేస్ షీటులో రాసేది కూడా ఇట్లాగే. 'పేషెంట్ చాలా నొప్పిగా ఉన్నాడు' అని రాస్తే సరిపోదు. మాట రాని పసిపిల్లల నొప్పి కొలవడానికి ఫ్లాక్ స్కేల్ అని ఒకటుంది, 1997లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు. మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకోవడం. ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు వరకు మార్కులు, మొత్తం పదికి. ఏదో ఒక్కటి చూసి తేల్చేయడానికి ఉండదు, ఐదూ చూడాలి, మళ్లీ కొంతసేపటికి చూడాలి. మేడమ్ ఈ స్కేల్ గురించి విని ఉండకపోవచ్చు. ఆవిడ నేర్పే పద్ధతి మాత్రం అచ్చంగా అదే.

వనపర్తి నుంచి వచ్చిన ఒక మెకానికల్ కుర్రాడి వీడియో దగ్గర జరిగింది చెప్పాలి. 'నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఏంటి' అని ఇంగ్లిష్‌లో అడిగితే కళ్లు సీలింగ్ వైపు వెళ్లిపోయాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. భుజాలు చెవుల దాకా వచ్చాయి. 'కల్పించి చెబుతున్నాడు, నిన్న సార్ చెప్పారుగా' అన్నారు వెనక వరసలో ఎవరో. మేడమ్ వీడియో ఆపి, అతన్ని మళ్లీ అదే కుర్చీలో కూర్చోమన్నారు. 'ఇప్పుడు అదే ప్రశ్న. మీ అన్నకి చెబుతున్నట్టు తెలుగులో చెప్పు' అన్నారు. ఆ అబ్బాయి ముందు నవ్వాడు. తర్వాత మొదలుపెట్టాడు. వేరుశనక్కాయల పొట్టు తీసే మిషన్ అట, వాళ్ల నాన్న కోసం చేశాడట. రెండో వాక్యానికే చేతులు తొడల కింద నుంచి బయటికి వచ్చాయి. గింజ నలగకుండా రెండు జల్లెడల మధ్య ఎంత సందు పెట్టాలో బొటనవేలు, చూపుడువేలు మధ్య చూపించాడు, ఎంత సన్నగా చూపించాడంటే మేమందరం ముందుకు వంగి చూశాం. కళ్లు ఒక్కసారి కూడా సీలింగ్ వైపు పోలేదు. భుజాలు వాటంతట అవే దిగాయి. ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కుంటున్న మనిషి కళ్లు పైకి వెళ్తాయి, అంతే సంగతి. మేడమ్ అతనికి 'కూర్చునే పద్ధతి' ఏదీ నేర్పలేదు. 'ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ రావడం ఆలస్యమైతే ముందు చేత్తో చూపించు, మాట వెనక వస్తుంది' అన్నారు. తర్వాతి వారం ఇంగ్లిష్‌లోనే చెప్పాడు. తప్పులున్నాయి, కానీ ఆ రెండు జల్లెడల సందు మళ్లీ వేళ్లతో చూపించాడు. మెషీన్ అందరికీ అర్థమైంది.

దూరం గురించిన ఎక్సర్‌సైజు కూడా బాగుంది. ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త 1966లో అమెరికన్లను చూసి కొలతలు చెప్పాడు. సుమారు 45 సెంటీమీటర్ల లోపల బాగా దగ్గరివాళ్లు, 1.2 మీటర్ల దాకా తెలిసినవాళ్లు, 3.6 మీటర్ల దాకా పని మీద మాట్లాడేవాళ్లు. శనివారం ఈ అంకెలు రాయించి వదిలేశారు. ఆదివారం మేడమ్ మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి వైపు ఒకరు నడుస్తూ ఇబ్బంది అనిపించిన చోట ఆగమన్నారు. మగపిల్లలిద్దరు దాదాపు ఛాతీలు ఆనేదాకా వచ్చారు. అమ్మాయి, అబ్బాయి జంట గదికి ఆ చివరా ఈ చివరా ఆగిపోయారు. బ్యాంకు ఆవిడా నేనూ చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఆగి, నవ్వుకుని, ఇంకో అడుగు వేశాం. పుస్తకంలోని కొలతకూ మా కొలతకూ పొంతన లేదు, ఎవరి కొలత వాళ్లదే. నా వృత్తిలో రోజంతా పరాయి మనుషుల 45 సెంటీమీటర్ల లోపలే పని. 'పెద్దాయనా, కుడి చెయ్యి పట్టుకుంటున్నా' అని చెప్పి పట్టుకోవడానికీ, చెప్పకుండా పట్టుకోవడానికీ చాలా తేడా ఉంటుంది. చెప్పి పట్టుకుంటే నరం తేలికగా దొరుకుతుంది, మనిషి చెయ్యి బిగపట్టడు గనక.

ఈ కోర్సులో లేనివి రెండున్నాయి, ఉండాల్సినవి.

ఒకటి, మన తల ఊపుడు. తల అటూ ఇటూ మెల్లగా ఊపుతూ 'ఊఁ, ఊఁ' అనడం మనకు 'వింటున్నా, చెప్పు' అని. 'ఒప్పుకున్నా' అని కానక్కర్లేదు, 'అర్థమైంది' అని కూడా కానక్కర్లేదు. ఆపరేషన్ ముందు సర్జన్ గారు రిస్కులన్నీ చెబుతుంటే పేషెంటూ, ఆయన తాలూకు వాళ్లూ మొదటి నుంచి చివరిదాకా తల ఊపుతారు. కొత్తగా వచ్చిన డాక్టర్లు, ముఖ్యంగా వేరే రాష్ట్రాల వాళ్లు, అర్థమైందనుకుని కన్సెంట్ ఫారం ముందు పెడతారు. డాక్టర్ గారు వెళ్లాక నేను మంచం దగ్గర ఆగి, 'రేపు ఏం చేస్తామన్నారు తాతా, మీ అబ్బాయికి చెబుతున్నట్టు నాకు చెప్పండి' అంటాను. చాలామంది 'మీకు తెలుసు గదా బిడ్డా, మీరే చెయ్యండి' అంటారు. అప్పుడు తెలుస్తుంది, ఆ తల ఊపుడంతా మర్యాద అని. మళ్లీ మొదటినుంచి చెబుతాను. తెలుగు ప్రాంతంలో బాడీ లాంగ్వేజ్ చెప్పే క్లాసులో షేక్‌హ్యాండ్‌కు ఒక గంట ఇచ్చి, తల ఊపుడుకు ఒక్క నిమిషం కూడా ఇవ్వకపోవడం పెద్ద లోటు.

రెండోది, మాట్లాడలేని మనిషిని అర్థం చేసుకోవడం. క్లాసు మొత్తం మనం ఎట్లా కనబడాలి అన్నదాని మీదే. ఎదుటివాళ్లు చెప్పలేకపోతున్నది ఎట్లా పట్టుకోవాలి అన్నది దాదాపు లేదు. ఐసీయూలో వెంటిలేటర్ మీద మెలకువగా ఉన్న పేషెంట్లు చిటికెన వేలు ఎత్తుతారు. బడిలో ఒకటికి పోవాలంటే ఎత్తిన వేలే. మూత్రం పోవడానికి గొట్టం పెట్టారని తెలిసినా, వస్తున్నట్టే అనిపించి ఎత్తుతారు. అరవై ఏళ్ల మనిషి, ఊళ్లో పెద్దమనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా చిటికెన వేలు ఎత్తి మన వైపు చూస్తాడు. ఆ వేలు చూడగానే దగ్గరికి వెళ్లి 'ట్యూబ్ పెట్టాం, మంచం తడవదు, వదిలెయ్యండి' అని చెవిలో చెప్పాలి. బొటనవేలు పెదాల దగ్గర పెడితే నీళ్లు. అరచెయ్యి పైకి తిప్పి మణికట్టు ఆడిస్తే 'నాకేమైంది?' అని. మంచం కమ్మీని పట్టుకున్న వేళ్లు తెల్లబడితే, నోటితో 'బానే ఉందమ్మా' అన్నా సరే, నొప్పి. 2020లో పీపీఈ కిట్లు వేసుకున్నప్పుడు మా మొహాలు వాళ్లకు కనబడేవి కావు. గౌను మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకుని, నవ్వుని కళ్లతోనూ తలతోనూ చూపించడం అప్పుడు నేర్చుకున్నాం. ఇంట్లో పక్షవాతం వచ్చిన తల్లినో తండ్రినో చూసుకుంటున్న వాళ్లెందరో ఉన్నారు. ఒక ఆదివారం దీనికిస్తే వాళ్లు కూడా ఫీజు కట్టి వస్తారు. ఈ మాట మేడమ్‌తో అన్నాను. ఆవిడ తన నోట్సులో రాసుకున్నారు, చిటికెన వేలు సంగతి రెండుసార్లు అడిగి మరీ.

ఇక చేరాలనుకునేవాళ్లకు. హాల్లో ఏసీ పనిచేస్తుంది, కుర్చీలు పర్లేదు. బ్యాచ్‌లో ముప్ఫై మంది దాకా ఉండటంతో కెమెరా ముందు ఒక్కొక్కరికి రెండు అవకాశాలకు మించి రావు. పదిహేను మందితో నడిపితే ఈ ఫీజుకు న్యాయం జరుగుతుంది. మీ వీడియో మీకు ఇస్తారు, అడిగి తీసుకోండి. ఇంట్లో గొంతు ఆపేసి మళ్లీ చూసుకుంటే చాలా తెలుస్తుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూల గురించి చెప్పింది ఒక అరగంటే కానీ పనికొచ్చింది: స్క్రీన్ మీది మొహాన్ని కాకుండా కెమెరాని చూడటం, చేతులు ఫ్రేములో కనబడేంత వెనక్కి కూర్చోవడం. స్పైరల్ మెటీరియల్ పక్కన పెట్టేయొచ్చు. సర్టిఫికెట్‌కు ఉద్యోగంలో విలువేమీ ఉండదు. మెట్ల వల్ల మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. ఆడపిల్లలకు సాయంత్రం బ్యాచ్ అయ్యాక మెట్రో దాకా దారి బాగానే ఉంటుంది, జనం ఉంటారు.

శనివారానికి ఐదులో రెండు. ఆదివారానికి నాలుగున్నర. ఆ అర తగ్గించింది బ్యాచ్ సైజు వల్లే, మేడమ్ వల్ల కాదు.

ఆదివారం క్లాసులు మాత్రమే తీసుకుంటాను, ఫీజు తగ్గిస్తారా అని కౌంటర్‌లో అడిగాను. అట్లా ఇవ్వరట, రెండూ కలిపే. మీరూ అడగండి. డెమోకు వెళ్తే శనివారం కాకుండా ఆదివారం డెమో కావాలని చెప్పండి. చేరేముందు ఆ బ్యాచ్‌కు ఆదివారం ఎవరు చెబుతున్నారో ఫోన్ చేసి కనుక్కోండి. మేడమ్ కాకపోతే తర్వాతి బ్యాచ్ దాకా ఆగండి.